సెల్ఫ్ మోటారు మీద నేరం మోపే ముందు

ఒరేయ్ చిన్నోడా, ఆ స్పానర్ కాసేపు పక్కన పెట్టి ఇలా కూర్చో. బటన్ నొక్కితే బండి స్టార్ట్ కావడం లేదు కాబట్టి సెల్ఫ్ మోటారు పోయిందని నువ్వు తేల్చేశావు. పోయి ఉండొచ్చు కూడా. ఇంత పాత బండికి పోతే ఆశ్చర్యం లేదు. కానీ మోటారు బండికి బిగించి ఉన్నప్పుడు మాత్రమే తెలిసే సంగతులు కొన్ని ఉన్నాయి. విప్పి బల్ల మీద పెట్టాక అవి ఎంత వెతికినా దొరకవు. కరెంటు బ్యాటరీలో బయలుదేరి మోటారు దాకా వస్తోందా, మధ్యలో ఎక్కడన్నా తగ్గిపోతోందా అన్నది ముందు తేల్చుకుందాం. విప్పడం ఎంతసేపు, తరవాత విప్పుదువు.

నువ్వు నొక్కే బటన్‌లోంచి మోటారుకి కరెంటు పోతుందనుకుంటున్నావు కదూ? పోదు. అంత సన్నటి వైర్లూ అంత చిన్న బటనూ ఆ కరెంటుకి నిలవవు, కాలిపోతాయి. బటన్ చేసేదల్లా సీటు కిందో సైడ్ ప్యానెల్ వెనకో బ్యాటరీ పక్కన ఉండే రిలేని లేపడమే. రిలే లోపల ఒక తీగచుట్ట ఉంటుంది. దాంట్లోంచి రెండు మూడు ఆంపియర్లు పోగానే అది అయస్కాంతమై ఒక రాగి బిళ్ళని లాగుతుంది. ఆ బిళ్ళ వెళ్ళి రెండు లావుపాటి బోల్టుల మొహాలకి ఒకేసారి ఆనుకుంటుంది. అప్పుడుగానీ బ్యాటరీ నుంచి అసలు కరెంటు లావు వైరులోంచి మోటారుకి చేరదు. నూటయాభై సీసీ బండికి అది నలభై, యాభై ఆంపియర్ల దగ్గర ఉంటుంది. పెద్ద బండ్లలో వంద కూడా దాటుతుంది. 12 వోల్టుల మీద వెలిగే 35 వాట్ల బల్బు తీసుకునేది మూడు ఆంపియర్లు మాత్రమే. హారన్ మోగుతోంది కాబట్టి బ్యాటరీ బాగానే ఉందని మనవాళ్ళు అంటూ ఉంటారు చూడు, ఆ మాట ఎందుకు చెల్లదో ఇప్పుడు నీకే తెలుస్తుంది.

ముందు చెవితో మొదలుపెట్టు. న్యూట్రల్‌లో పెట్టి, తాళం తిప్పి బటన్ నొక్కు. ఏ చప్పుడూ లేదనుకో, రిలే లేవలేదన్నమాట. అప్పుడు చూడాల్సింది మోటారుని కాదు, చిన్న కరెంటు దారిని. ఫ్యూజు, హ్యాండిల్ మీది కిల్ స్విచ్, క్లచ్ లీవరు కింద ఉండే బుల్లి స్విచ్, బటన్ లోపలి పట్టీలు, ఇవన్నీ ఆ దారిలోవే. వానలో తడిసిన బటన్ లోపల చిలుము పట్టడం పాత బండ్లకి మామూలే. ఒకసారి ‘టక్’ అని ఊరుకుందనుకో, రిలే లేచింది గానీ మోటారు తిరగలేదు. అప్పుడు రిలేలో ఆ బోల్టుల మొహాలు కాలిపోయి ఉండాలి, లేదా లావు వైరు తెగో వదులయ్యో ఉండాలి, లేదా మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌లు అరిగి అందకుండా పోయి ఉండాలి. ‘జుయ్’మని మోటారు తిరిగే చప్పుడు వస్తూ ఇంజిన్ మాత్రం కదలకపోతే మోటారుని ముట్టుకోకు, దాని తప్పేమీ లేదు. మోటారుకీ క్రాంకుకీ మధ్య ఒక వన్‌వే క్లచ్ ఉంటుంది. మోటారు ఇంజిన్‌ని తిప్పేటప్పుడు దానిలోని రోలర్లు బిగుసుకుంటాయి, ఇంజిన్ అందుకోగానే వదిలేస్తాయి. ఆ రోలర్లో వాటి స్ప్రింగులో అరిగితే బిగుసుకోవు. దానికి సైడ్ కవరు విప్పాలి. ఆ పని వేరే.

ఇక నాకు ఎంతో ఇష్టమైన చప్పుడు ఒకటుంది, ‘టకటకటకటక’మని ఆగకుండా కొట్టుకునేది. దాని వెనక ఎంత చక్కటి శాస్త్రం ఉందో విను. బ్యాటరీ నీరసంగా ఉంది. అయినా రిలేని లాగడానికి సరిపడా వోల్టేజి ఉంది కాబట్టి రిలే లేచింది. లేవగానే మోటారు తన వంతు కరెంటుని ఒక్కసారిగా గుంజింది. బ్యాటరీ వోల్టేజి అమాంతం పడిపోయింది. ఆ పడిపోయిన వోల్టేజి రిలేని పట్టి ఉంచడానికి చాలదు, కాబట్టి అది వదిలేసింది. మోటారుకి కరెంటు ఆగింది, బ్యాటరీ మళ్ళీ తేరుకుంది, రిలే మళ్ళీ లేచింది. సెకనుకి చాలాసార్లు ఇదే తంతు. ఆ చప్పుడు వింటే చాలు, బ్యాటరీనో దాని టెర్మినళ్ళనో చూడాలని తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. హెడ్‌లైట్ వేసి బటన్ నొక్కు, లైటు మసకబారిందా చూడు అని చాలామంది చెబుతారు. మంచి పరీక్షే, కానీ మన పాత చిన్న బండ్లలో చాలావాటికి హెడ్‌లైట్ బ్యాటరీ మీద కాక ఇంజిన్‌లోని కాయిల్ నుంచి వచ్చే ఏసీ కరెంటు మీద వెలుగుతుంది. ఇంజిన్ ఆగితే లైటే ఉండదు. వాటికి న్యూట్రల్ దీపాన్ని చూడాలి. బటన్ నొక్కగానే ఆ దీపం పూర్తిగా ఆరిపోతే బ్యాటరీ చేతులెత్తేసిందనో, టెర్మినల్ దగ్గర పట్టు లేదనో, మోటారు బిగుసుకుపోయి అతిగా కరెంటు లాగుతోందనో అర్థం. దీపం ఏమాత్రం చలించకుండా వెలుగుతూనే ఉంటే లావు వైరు దారిలో కరెంటే పారలేదు, ఎక్కడో తెగిపోయింది.

ఇప్పుడు మీటర్ తియ్యి. డీసీ వోల్టుల మీద పెట్టి బ్యాటరీ రెండు టెర్మినళ్ళకీ ఆనించు. బాగా ఛార్జ్ అయిన బ్యాటరీ ఏ పనీ చెయ్యకుండా ఊరికే ఉన్నప్పుడు 12.6 దగ్గర చూపిస్తుంది. 12.0 కి దిగిందంటే లోపల మిగిలింది కొంచెమే. కానీ ఈ అంకెని నమ్మి లేచిపోకు. బటన్ నొక్కి పట్టుకుని మళ్ళీ చూడు. మోటారు తిరుగుతున్నప్పుడు పది వోల్టుల చుట్టుపక్కల నిలబడితే సరే. ఎనిమిదికో ఆరుకో కూలిపోతే ఊరికే ఉన్నప్పుడు చూపించిన 12.6 కి విలువ లేదు. ధనుర్మాసం పొద్దుటిపూట ఇది మరీ బయటపడుతుంది. చలికి బ్యాటరీలో ఆమ్లానికీ సీసానికీ జరిగే చర్య మందగిస్తుంది. ఇంజిన్ ఆయిల్ చిక్కబడి తిప్పడం బరువవుతుంది. ఇచ్చేవాడి శక్తి తగ్గిన రోజే అడిగేవాడి అవసరం పెరుగుతుంది.

బ్యాటరీ బాగుంది, అయినా మోటారు మూలుగుతోంది. అక్కడినుంచి అసలు కథ. గుడి పక్క సందు ఎంత ఇరుకో మామూలు రోజున ఎవరికీ తెలియదు, ఇద్దరు ముగ్గురు హాయిగా నడిచిపోతారు. తిరునాళ్ళ నాడు చూడు, అదే సందులో ఊరంతా ఇరుక్కుపోతుంది. వైరులో, టెర్మినల్లో, రిలేలో ఉండే కొద్దిపాటి అడ్డంకి కూడా పెద్ద కరెంటు వచ్చినప్పుడే బయటపడుతుంది. లెక్క చూద్దాం. చిలుము పట్టిన ఒక టెర్మినల్ దగ్గర ఓంలో యాభయ్యో వంతు, అంటే 0.02 ఓం అడ్డంకి ఉందనుకో. మూడు ఆంపియర్ల బల్బు వెలిగితే అక్కడ పోయేది 0.06 వోల్టు. నీకు తెలియనే తెలియదు. అదే దారిలో యాభై ఆంపియర్లు పోతే అక్కడ ఒక వోల్టు పోతుంది. పోయిన ఆ వోల్టు మాయమైపోదు, యాభై వోల్ట్ ఆంపియర్లు, అంటే యాభై వాట్ల వేడిగా మారుతుంది. సోల్డరింగ్ ఐరన్ పుట్టించే వేడి అది. అందుకే నాలుగైదుసార్లు బటన్ నొక్కాక టెర్మినళ్ళ మీద జాగ్రత్తగా వేలు పెట్టి చూస్తే, దొంగ టెర్మినల్ వెచ్చగా తగిలి తనంతట తానే దొరికిపోతుంది.

వైరుని ఊరికే ఓం మీటరుతో కొలిస్తే సరిపోదా అంటావేమో. సరిపోదు. నలభై పోగులున్న వైరులో ముప్పైతొమ్మిది తెగిపోయి ఒక్కటే మిగిలినా మీటర్ ‘బీప్’ అని సున్నా చూపిస్తుంది. మీటర్ పంపేది మిల్లీ ఆంపియర్లే కదా, ఆ ఒక్క పోగు వాటికి చాలు. అసలు మామూలు మీటర్ తీగలకే 0.2 ఓం దాకా ఉంటుంది, ఇక 0.02 ని అది ఏం పసిగడుతుంది? కాబట్టి వైరుని పనిచేస్తుండగానే పట్టుకోవాలి. మీటర్‌ని వోల్టుల మీదే ఉంచి, ఎర్ర తీగ బ్యాటరీ ప్లస్ సీసపు మొన మీద పెట్టు, పైన బిగించిన బోల్టు మీద కాదు. నల్ల తీగ మోటారు టెర్మినల్ మీద పెట్టి, ఎవరినైనా బటన్ నొక్కమను. ప్లస్ నుంచి మోటారు దాకా దారిలో పోయే వోల్టేజి అది. అర వోల్టు లోపుంటే సంతోషం. ఒకటి, ఒకటిన్నర చూపిస్తే రిలే రెండు బోల్టుల మధ్య విడిగా కొలువు, దాని వాటా ఎంతో తేలిపోతుంది. తరవాత ఎర్తు దారి. బ్యాటరీ మైనస్ మొనకీ మోటారు ఒంటికీ మధ్య కొలిస్తే 0.2 వోల్టు ప్రాంతంలో ఉండాలి. చాలా బండ్లలో తప్పు ఇక్కడే దొరుకుతుంది, చాలామంది చూడనిదీ ఇక్కడే. వెళ్ళిన కరెంటంతా ఇంజిన్ ఒంటిలోంచి తిరిగి బ్యాటరీకి రావాల్సిందే కదా! ఇంజిన్‌కి రంగు వేయించినప్పుడు ఎర్తు బోల్టు కిందికి పెయింటు చేరుతుంది. సముద్రపు గాలి తగిలే కాకినాడ, విశాఖ ఊళ్ళలో అయితే అక్కడ తుప్పే ఉంటుంది. ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది బిగిస్తే, కొత్త మోటారు కొనబోయిన వాళ్ళ డబ్బు మిగిలిన సందర్భాలు నాకు తెలుసు.

ఈ పరీక్ష చేస్తుండగా ఇంజిన్ స్టార్ట్ అయిపోకుండా ప్లగ్ క్యాప్ తీస్తావు కదా, దాన్ని గాలిలో వేలాడదీయకు. దారి దొరకని హై వోల్టేజి ప్లగ్‌కి రవ్వనిచ్చే కాయిల్‌నో సీడీఐనో దెబ్బతీస్తుంది. ఆ క్యాప్‌కి ఇంకో ప్లగ్ తొడిగి, దాని లోహం ఇంజిన్‌కి గట్టిగా తగిలేలా పెట్టు. పెట్రోలు దరిదాపుల్లో ఉండకూడదు. స్క్రూడ్రైవర్‌తో రిలే బోల్టులు రెండూ కలిపేసి నిప్పురవ్వలు రప్పించే పద్ధతి షెడ్డుల్లో చూసి ఉంటావు. నువ్వు చెయ్యొద్దు. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంటుంది, దాని పక్కన రవ్వలు మంచివి కావు. మీటర్ ఉన్నప్పుడు ఆ అవసరమూ లేదు.

మోటారు టెర్మినల్ దగ్గరకి పది వోల్టులు చేరుతున్నాయి, ఎర్తు బాగుంది, కిక్ కొడితే ఇంజిన్ సులువుగా తిరుగుతోంది, అయినా మోటారు కదలడం లేదు. ఇప్పుడు నువ్వన్నది నిజం. మోటారే.

విప్పే ముందు ఒకటి చెప్పనీ. ఆ పిడికెడు మోటారు అంత ఇంజిన్‌ని ఎలా తిప్పుతుందని ఎప్పుడైనా ఆలోచించావా? అమెరికాలో ఛార్లెస్ కెటరింగ్ అని ఒక ఇంజినీరు. కార్ల జోలికి రాకముందు డేటన్ ఊళ్ళో దుకాణాల్లో వాడే క్యాష్ రిజిస్టరుకి మోటారు పెట్టినవాడు. సొరుగు తెరవడానికి మోటారు ఒక్క క్షణం గట్టిగా లాగితే చాలు, రోజంతా తిరగనక్కర్లేదు. క్షణకాలమే పనిచేసే మోటారుని దాని స్తోమతకి మించి వాడుకోవచ్చు, అది వేడెక్కేలోగా పని అయిపోతుంది. ఇదే ఎరుకని ఆయన కారు ఇంజిన్‌కి తెచ్చాడు. 1912 క్యాడిలాక్ కార్లకి సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది. అప్పటిదాకా ముందు నిలబడి ఇనుప హ్యాండిల్ తిప్పేవారు, ఇంజిన్ ఎదురు తన్నితే చేతులు విరిగేవి. మోటారు సైకిలుకి 1914లోనే ‘ఇండియన్’ అనే పేరున్న కంపెనీ ‘హెండీ స్పెషల్’లో పెట్టి చూసింది గానీ ఆనాటి బ్యాటరీలు తట్టుకోలేక మానేసింది. హార్లీ డేవిడ్‌సన్ పెద్ద బండ్లకి అది 1965లో ‘ఎలక్ట్రా గ్లైడ్’తో వచ్చింది. మన దేశంలో ఎనభైలలో కైనెటిక్ హోండా స్కూటర్ బటన్ స్టార్ట్‌ని మామూలు ఇళ్ళలోకి తెచ్చింది.

ఆ ‘క్షణకాలం’ అన్న షరతు ఇప్పటికీ ఉంది, మనమే మర్చిపోతాం. ఆగి ఉన్న మోటారు అన్నిటికన్నా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఎందుకంటే తిరగడం మొదలుపెట్టిన మోటారు తానే ఒక డైనమో కూడా అవుతుంది. లోపల తీగచుట్టలు అయస్కాంతాల మధ్య తిరుగుతున్నాయి కదా, వాటిలో ఎదురు వోల్టేజి పుడుతుంది. లెంజ్ అనే శాస్త్రవేత్త 1834లో చెప్పిన సూత్రం ప్రకారం అది బ్యాటరీ తోసే కరెంటుని అడ్డుకుంటుంది. వేగం పెరిగేకొద్దీ ఎదురు పెరిగి కరెంటు తగ్గుతుంది. బిగుసుకుపోయిన మోటారులో ఆ ఎదురే లేదు. కరెంటంతా వేడై తీగల మీది వార్నిష్‌ని కాలుస్తుంది. అందుకే ఐదు సెకన్లకి మించి బటన్ పట్టుకోకూడదు, మధ్యలో అర నిమిషమైనా ఆగాలి.

సరే, ఇప్పుడు స్పానర్ తీసుకో. ఇంజిన్ చల్లారాలి. బ్యాటరీలో మైనస్ వైరు ముందు విప్పు. బండి ఫ్రేమంతా మైనసే కాబట్టి, ప్లస్ ముందు విప్పుతుండగా స్పానర్ ఫ్రేముకి తగిలితే బ్యాటరీ మొత్తం ఆ స్పానర్లోంచి పారుతుంది. మోటారు మీద రబ్బరు టోపీ వెనక్కి లాగితే నట్టు కనిపిస్తుంది. దాని కింద ఇంకో నట్టు ఉంటుంది. కింది దాన్ని ఒక స్పానర్‌తో కదలకుండా పట్టుకుని పైది విప్పు. బోల్టు మొత్తం తిరిగిందంటే లోపలి ఇన్సులేషన్ పగులుతుంది, బాగున్న మోటారు కూడా అక్కడితో పాడవుతుంది. తరవాత ఇంజిన్‌కి పట్టి ఉంచే రెండు బోల్టులు. అవి వచ్చాక మోటారుని అటూ ఇటూ కదుపుతూ తిన్నగా లాగు. ముక్కు దగ్గర ‘ఓ రింగ్’ అనే రబ్బరు చుట్టు అతుక్కుపోయి బిగువుగా వస్తుంది. సుత్తితో మాత్రం కొట్టకు. లోపల అయస్కాంతాలు ఫెరైటువి, దెబ్బకి గాజు ముక్కలైనట్టు పగులుతాయి. ముక్కు ఇంజిన్ లోపలికి ఉంటుంది కాబట్టి కాస్త ఆయిల్ కారుతుంది, కింద గుడ్డ వెయ్యి.

మోటారు తెరిచే ముందు మూతలకీ ఒంటికీ కలిపి మార్కర్‌తో గీతలు గియ్యి. మూత తిరగేసి బిగిస్తే మోటారు సరిగ్గా తిరగదు. షాఫ్టు మీద సన్నటి వాషర్లుంటాయి, అవి ఏ వైపు ఎన్ని ఉన్నాయో ఫోన్‌తో ఫోటో తీసుకో. తెరవగానే నల్లటి పొడి కనిపిస్తుంది. నోటితో ఊదకు, బ్రష్‌తో తుడువు. ఆ పొడి ఆయిల్‌తో కలిసి ముద్దయి ఉంటే సీలు పోయిందని అర్థం. ఆ ముద్ద కరెంటుని పోనిస్తుంది కాబట్టి వెళ్ళకూడని చోటికి కరెంటు వెళుతోందన్నమాట.

బ్రష్‌లు చూడు, ఎక్కువగా పోయేవి అవే. అరిగి పొట్టివైతే వెనకున్న స్ప్రింగు నొక్కే బలం తగ్గుతుంది, పట్టు వదులవుతుంది, రవ్వలు పుడతాయి, రవ్వలకి ఇంకా త్వరగా అరుగుతాయి. ఎంత పొడవు మిగలాలో బండి మాన్యువల్లో రాసి ఉంటుంది. కొత్తవి వేసేటప్పుడు నా మాట ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకో: సైజు సరిపోయింది కదా అని మిక్సీదో డ్రిల్లుదో కార్బన్ అరగదీసి వెయ్యొద్దు. స్టార్టర్ బ్రష్‌లో గ్రాఫైటుతో పాటు రాగి బాగా కలుపుతారు. చూస్తే ఎర్రటి ఛాయ కనిపిస్తుంది. యాభై ఆంపియర్లు పారాలంటే ఆ రాగి ఉండాలి. వట్టి కార్బన్ వేస్తే ఇంతసేపూ మనం వైరులో వెతికిన వోల్టేజి నష్టాన్ని మోటారు లోపల మనమే పెట్టినట్టవుతుంది.

బ్రష్‌లు ఒరుసుకునే రాగి పట్టీల గుండ్రటి భాగం కమ్యుటేటర్. గోధుమ రంగు పొర ఉంటే అది ఆరోగ్యమే. కాలిన మచ్చలుంటే సన్నటి ఎమరీతో చుట్టూ సమంగా రుద్ది, పట్టీల మధ్య గాడుల్లో చేరిన మసిని సూదిమొనతో గీకెయ్యి. తరవాత మీటర్ పెట్టు. పక్కపక్క పట్టీల మధ్య ‘బీప్’ రావాలి. ఏ పట్టీకీ షాఫ్టుకీ మధ్య రాకూడదు. కరెంటు బోల్టుకీ మోటారు ఒంటికీ మధ్య కూడా, బ్రష్‌లు తీసేసి చూస్తే, రాకూడదు. తీగచుట్టలో రెండు చుట్లు లోలోపల ఒకదానికొకటి తగిలితే మాత్రం ఈ మీటరుకి దొరకదు. అసలే ఆ చుట్ట అడ్డంకి ఓంలో నూరో వంతుల్లో ఉంటుంది. రీవైండింగ్ షాపులో గ్రోలర్ అని ఉంటుంది, ఏసీ కరెంటుతో నడిచే అయస్కాంతం. తీగచుట్టలున్న ఆ తిరిగే భాగాన్ని, అంటే ఆర్మేచర్‌ని, దాని ఒడిలో పెట్టి తిప్పుతూ పైన హాక్సా బ్లేడు ఆనిస్తారు. తప్పున్న గాడి మీదకి రాగానే బ్లేడు గరగరమని వణుకుతుంది. పనికట్టుకుని వెళ్ళి చూడాల్సిన దృశ్యం అది.

బిగించాక మోటారుని వైస్‌లో పట్టి, లావు తీగలతో బ్యాటరీ నుంచి రెండు సెకన్లు తిప్పి చూడు. చేత్తో పట్టుకుంటే ఒక్క విసురుకి మణికట్టు తిప్పేస్తుంది. అక్కడ హుషారుగా తిరిగినంత మాత్రాన బాగైపోయిందనుకోకు. బరువు లేకుండా నీరసపు మోటారు కూడా తిరుగుతుంది. బండికి బిగించి, ఓ రింగ్ కొత్తది వేసి దానికి కొంచెం ఆయిల్ రాసి, మైనస్ వైరు చివర్న తగిలించి, ఇందాకటి వోల్టేజి కొలతలే మళ్ళీ తీసుకో. ఇంజిన్ స్టార్ట్ అయ్యాక కాస్త రేజ్ చేసి బ్యాటరీ మీద మీటర్ పెట్టు, 14 వోల్టుల దగ్గర ఉండాలి. 12 దగ్గరే నిలిచిపోతే బ్యాటరీకి ఛార్జింగ్ అందడం లేదు. రెండు రోజుల్లో బండి మళ్ళీ టకటకమంటుంది. అప్పుడు చూడాల్సింది రెగ్యులేటరునీ, మాగ్నెటో కాయిల్‌నీ.